వంగింది చెరువు కట్ట కాదు, ఫొటో

సంపాదకులు గారికి నమస్కారం.

వానలు పడి చెరువులు అలుగు పారే రోజుల్లో జిల్లా పేజీల్లోనూ వాట్సాప్ గ్రూపుల్లోనూ డ్రోన్ పనోరమాలు, అంటే చుట్టూ ఉన్నదంతా ఒకే ఫొటోలో పట్టే 360 ఫొటోలు, విరివిగా కనిపిస్తాయి. నిడుపాటి ఫొటో, అందులో విల్లులా వంగిన కట్ట, అడుగున సాగిపోయిన చెట్లు. పానగల్లు ఉదయ సముద్రం కట్ట ఎట్లుంటదో నల్లగొండ వాళ్లకు తెలుసు గానీ బయటివాళ్లు ఆ వంకరే నిజమనుకుంటారు. అసలు అది అచ్చులో చూసే ఫొటో కాదు. ఫోన్‌లో వేలితో జరుపుతూ నాలుగు దిక్కులూ, పైనా కిందా తిప్పి చూడాల్సింది. గోళం లోపలి బొమ్మను విప్పి బల్లపరుపుగా పరిస్తే వచ్చే రూపమది. అందుకే వెడల్పు ఎత్తుకు సరిగ్గా రెండింతలు ఉంటుంది. పై అంచు మొత్తం కలిపితే నడినెత్తిన ఉన్న ఒక్క చుక్క, కింది అంచు మొత్తం డ్రోన్ కింద ఉన్న ఒక్క చుక్క. పత్రికలో వేయాలంటే ఆ గోళంలోంచి 80, 90 డిగ్రీల మేర ఒక చూపును, తిన్నని గీతలను తిన్నగానే ఉంచే రెక్టిలీనియర్ పద్ధతిలో వేరుగా తీసి వేయాలి. అప్పుడు కట్ట తిన్నగా వస్తుంది. హ్యుగిన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఇది కొద్ది నిమిషాల పని.

ఈ ఫొటోలు ఎక్కువగా చెడేది ఆకాశంలో కాదు, దించాక ఫోన్‌లోనే. ఫైలు లోపల కంటికి కనబడని ఎక్స్‌ఎంపీ అనే రాత కొంత ఉంటుంది. అందులో ‘ప్రొజెక్షన్ టైప్’ అనేచోట ‘ఈక్విరెక్టాంగ్యులర్’ (విప్పి పరిచిన గోళం) అని ఉంటే ఫేస్‌బుక్ దాన్ని తిరిగే ఫొటోగా గుర్తిస్తుంది. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే సైజు కుదించడంతో పాటు ఆ రాతను కూడా తీసేస్తుంది. స్క్రీన్‌షాట్ తీసినా, పేరు ముద్రించే కొన్ని యాప్‌లలోంచి తీసినా అంతే. గ్రూపులోంచి దించుకుని ఫేస్‌బుక్‌లో పెడితే ఫొటో తిరగకపోవడానికి కారణం ఇదే. కాబట్టి ఫైలు పంపాలంటే డాక్యుమెంట్‌గా పంపాలి. చెరిగిపోయిన రాతను కంప్యూటర్‌లో ఎగ్జిఫ్‌టూల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో మళ్లీ రాసుకోవచ్చు. కుదింపులో పోయిన స్పష్టత మాత్రం తిరిగి రాదు.

ఇక తీసేటప్పటి సంగతి. చాలా డ్రోన్లలో ‘స్ఫియర్’ మోడ్ ఉంది. నొక్కితే డ్రోన్ ఒకేచోట నిలబడి తనంతట తానే పాతిక, ముప్పై ఫొటోలు తీసి అతుకుతుంది. సెట్టింగుల్లో విడి ఫొటోలు కూడా దాచేలా పెట్టుకోవాలి, యాప్ వేసిన అతుకు బాగా రాకపోతే అవే దిక్కు. చేత్తో తీసేవాళ్లు గింబల్‌ను (కెమెరాను పట్టి ఉంచి వంచే భాగం) 0 డిగ్రీల దగ్గర, అంటే కెమెరా దిగంతాన్ని చూసేలా పెట్టి, డ్రోన్‌ను 45 డిగ్రీలకొకసారి తిప్పుతూ 8 ఫొటోలు తీయాలి. కెమెరాను 30 డిగ్రీలు కిందికి వంచి మరో 8, 60 డిగ్రీలు వంచి 6, నిట్టనిలువుగా కిందికి 2. పక్కపక్క ఫొటోల్లో కనీసం మూడో వంతు ఒకటే ఉంటే అతుకు నిలుస్తుంది. ఎక్స్‌పోజర్‌ను, అంటే ఫొటోలో పడే వెలుతురు మోతాదును, ఆటోలో వదలొద్దు. సూర్యుడికి పక్కగా, అంటే 90 డిగ్రీల దూరంలో కెమెరా పెట్టి వెలుతురు చూసుకుని, ఆ షట్టర్ వేగాన్నీ ఐఎస్‌ఓ (వెలుతురును పట్టే గుణం) 100నూ మాన్యువల్‌లో బిగించాలి. వైట్ బ్యాలెన్స్ (రంగుల సర్దుబాటు) కూడా 5500 కెల్విన్ దగ్గర కదలకుండా ఉంచాలి. లేకపోతే ఒక ఫొటోలో ఆకాశం నీలంగా, పక్క ఫొటోలో పసుపుగా వచ్చి అతుకులు చారలుగా తేలుతాయి.

చెరువుల దగ్గర అందరూ చేసే పొరపాటు, డ్రోన్‌ను నడి నీళ్ల మీద నిలపడం. రెండు ఫొటోలను కలపడానికి సాఫ్ట్‌వేర్ రెండింట్లోనూ కనిపించే గుర్తులను వెతుకుతుంది: రాయి, చెట్టు, తూము, కరెంటు స్తంభం. నీటి మీద అలలు క్షణానికో రకం, ఆనవాలు ఏదీ ఉండదు. అందుకే నీళ్లు ముక్కలు ముక్కలుగా అతుక్కుంటాయి. కట్ట మీదికి తెచ్చి 40 నుంచి 60 మీటర్ల ఎత్తులో నిలిపితే ఒకవైపు నీళ్లు, మరోవైపు ఆయకట్టు, కింద కట్ట పడతాయి. అతుకుకు అదే ప్రాణం. మరీ కిందికి దిగితే ఇంకో ఇబ్బంది. డ్రోన్ గాలికి అడుగు అటూ ఇటూ జరిగినా దగ్గరి చెట్టు, గోపురం ఒక్కో ఫొటోలో ఒక్కో చోట కనిపించి, అతికాక రెండుగా చీలుతాయి. దేవరకొండ కోట గోడల దగ్గరైనా, భువనగిరి గుట్ట మీదైనా దగ్గరి వస్తువుకు కనీసం 15, 20 మీటర్ల దూరం ఉండాలి. కదిలే బస్సు సగమే వస్తే, అది పూర్తిగా పడిన ఫొటోను ఉంచి మిగతాదాంట్లో ఆ భాగాన్ని మాస్క్ చేయాలి, అంటే అతుకులోకి రాకుండా కప్పేయాలి.

చాలా డ్రోన్ల కెమెరా నడినెత్తిని చూడలేదు. పైన మిగిలే ఖాళీని యాప్ ఆకాశం రంగుతో నింపుతుంది. సొంతంగా అతికేవాళ్లు ఆ ఖాళీని పూడ్చకుండా ఫొటోను పైకి సాగదీసి 2:1 చేస్తారు, దాంతో దిగంతం జారిపోయి, తిప్పి చూసినప్పుడు నేల గిన్నెలానో దిబ్బలానో వస్తుంది. దిగంతం సరిగ్గా నడిమధ్యలో ఉండాలి. అలలా ఊగితే హ్యుగిన్‌లో ‘స్ట్రెయిటెన్’ నొక్కాలి. పేరో లోగోనో అడుగున వేయాలన్నా, విప్పిన ఫొటో మీద నేరుగా అంటించొద్దు, తిప్పి చూస్తే అది చుట్టుకుపోయి చదవరాదు. ముందు గోళాన్ని ఆరు ముఖాల ఘనంగా మార్చి, అడుగు ముఖం మీద వేసి, తిరిగి కలపాలి.

పంచుకునే చోట్ల హద్దులూ వేరువేరు. ఫేస్‌బుక్ 13.5 కోట్ల పిక్సెళ్లకు మించిన 360 ఫొటోను తీసుకోదు. చేత్తో అతికింది 20,000 × 10,000 వచ్చిందనుకోండి, దాన్ని 16,000 × 8,000కు తగ్గించాలి. గూగుల్ మ్యాప్స్‌కు 75 లక్షల పిక్సెళ్లయినా ఉండాలి, 2:1 తప్పదు. ఇన్‌స్టాగ్రామ్‌లో ఫొటో తిరగదు. 8192 × 4096 ఫొటోలోంచి నడిమి 2048 పిక్సెళ్ల పట్టీని కోసి, 5400 × 1350కు తగ్గించి, 1080 చొప్పున అయిదు ముక్కలు చేస్తే, పక్కకు జరుపుతూ చుట్టూ చూడొచ్చు. వాట్సాప్ గ్రూపుకు అన్నిటికంటే మేలు లింకు. సొంత సైటు ఉంటే ప్యానెల్లమ్ అనే ఉచిత వ్యూయర్ చాలు. పాత ఫోన్లు 4096 పిక్సెళ్లు దాటిన బొమ్మను మోయలేక నల్లగా చూపిస్తాయి కాబట్టి ఫొటోను చిన్న పలకలుగా కోసి పెట్టాలి.

గోళం ఫొటోలో ఇది తీసి అది వదలడం కుదరదు, చుట్టూ ఉన్నదంతా పడుతుంది. రేవులో స్నానాలు చేసేవాళ్లు, బట్టలుతికే ఆడవాళ్లు, పక్క ఇండ్ల వాకిళ్లు అందులో ఉంటాయి. పెట్టేముందు పూర్తి సైజులో ఒకసారి చుట్టి చూసి, మనుషులు గుర్తు పట్టేలా ఉంటే మసక చేయాలి. సద్దుల బతుకమ్మ నాడు చెరువు గట్టున జనం నెత్తి మీదికి డ్రోన్ తేవడం ఎంతమాత్రం తగదు. 2021 డ్రోన్ నియమాల ప్రకారం ముందస్తు అనుమతి అక్కర్లేని గ్రీన్ జోన్‌లోనైనా 400 అడుగులే హద్దు. ఎక్కడ ఎగరేయొచ్చో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్ చూడనిదే ఎగరేయొద్దు, శంషాబాద్ విమానాశ్రయానికి దగ్గరున్న షాద్‌నగర్, కొత్తూరు వాళ్లు మరీను. అమ్రాబాద్ అడవికి అటవీ శాఖ, అలంపూర్ ఆలయాలకు పురావస్తు శాఖ అనుమతి కావాలి. సాగర్, జూరాల డ్యాముల దగ్గరా అనుమతి లేకుండా లేపొద్దు.

ఇంతగా చెప్పడానికి కారణం, ఈ ఫొటోలు ఊరికి పనికొచ్చేవి కావడమే. ఒకే చోటు నుంచి, ఒకే ఎత్తులో, ఏటా వానలు వెనకబట్టాక ఒకటి, ఎండాకాలంలో ఒకటి తీసి దాస్తే చెరువు ఎంత నిండింది, శిఖం (చెరువు ముంపు) భూమిలోకి ఇండ్లు ఎక్కడిదాకా వచ్చాయి అన్నది ఎవరైనా తిప్పి చూసుకోవచ్చు. దాంతో ఎకరాలు కొలవలేం, ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పటి నీటిమట్టం) హద్దురాళ్లు తేల్చేది సర్వేయే. కానీ ఫలానా నాడు అక్కడ నీళ్లున్నాయని చూపడానికి ఇది చాలు. అందుకు ఫొటోతో పాటు ఊరు, చెరువు పేరు, తేదీ, వేళ, అక్షాంశ రేఖాంశాలు, ఎత్తు రాసి పెట్టాలి. అవి లేని పనోరమాను మరుసటి ఏడు దేనితోనూ పోల్చలేం.

మీ పత్రికకు ఒక విన్నపం. జిల్లా పేజీలో విప్పిన గోళం వేయకుండా, తిన్నగా తీసిన ఒక చూపు వేసి, దాని పక్కన క్యూఆర్ కోడ్ ఇవ్వండి. న్యూస్‌ప్రింట్ మీద సిరా కొద్దిగా పరుచుకుంటుంది, లింకు పొడవైతే కోడ్‌లో గళ్లు చిన్నవై ఫోన్ చదవలేదు. కాబట్టి లింకు పొట్టిగా, కోడ్ రెండున్నర సెంటీమీటర్లకు తగ్గకుండా, చుట్టూ తెల్లటి ఖాళీతో ఉండాలి. గడువు తీరే లింకులు వద్దు, పాత పేపరు తీసి చూసేవాళ్లకు కూడా ఆ చెరువు తెరుచుకోవాలి.

– ఒక డ్రోన్ ఫొటోగ్రాఫర్, నల్లగొండ