టీ-వీసా సంగతి కూడా రాయండి

ఎడిటర్ గారికి,

అమెరికా వీసాలంటే మన పేపర్లలో హెచ్-1బీ ఉద్యోగ వీసా లాటరీ, చదువయ్యాక పని చేసుకోనిచ్చే ఓపీటీ, గ్రీన్‌కార్డు క్యూ, అంతే. నేనూ ముందు అవే చదువుతాను లెండి. కానీ టీ-వీసా అని ఇంకోటుంది, దాని గురించి తెలుగులో నాలుగు ముక్కలు రాసినవాళ్లు నాకైతే కనిపించలేదు. మోసం చేసో, బెదిరించో, కొట్టో వెట్టిచాకిరీ చేయించినా, వ్యభిచారంలోకి దింపినా, ఆ బాధితులు అమెరికాలోనే ఉండిపోయేందుకు 2000లో వచ్చిన చట్టం పెట్టిన దారి అది.

మనకెందుకంటారా? కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో ఇళ్లు అద్దెకిచ్చే మన తెలుగాయన లకిరెడ్డి బాలిరెడ్డి కేసు గుర్తుచేసుకోండి. కృష్ణా జిల్లాలోని తన ఊరు వెల్వడం నుంచి ఆడపిల్లల్ని దొంగ వీసాల మీద అక్కడికి తీసుకెళ్లి, చాకిరీ చేయించి, లైంగికంగా వాడుకున్నాడు. 1999 నవంబరులో అతని అపార్ట్‌మెంట్లో హీటర్ గొట్టం పూడుకుపోయి, విషవాయువు పీల్చి ఒక అమ్మాయి చనిపోతే గానీ సంగతి బయటపడలేదు. అదీ అక్కడి హైస్కూలు పిల్లలు తమ స్కూలు పత్రిక కోసం కూపీ లాగితే! 2001లో అతనికి 97 నెలల జైలు పడింది. అదంతా పాత కథ అనుకుంటే, 2023 చివర్లో మిస్సోరీలో మన దేశం నుంచి వెళ్లిన 20 ఏళ్ల విద్యార్థిని నెలల తరబడి బేస్‌మెంట్లో ఉంచి, కటిక నేల మీద పడుకోబెట్టి, కొట్టి చాకిరీ చేయించుకున్నారని ముగ్గురిని అరెస్టు చేశారు. నిందితుల పేర్లు చూస్తే మనవాళ్లే. ఎవరో అక్కడి అత్యవసర నంబరు 911కి ఫోన్ చేయబట్టి పోలీసులు వెళ్లారు.

ఇలా చిక్కుకున్నవాళ్ల నోరు నొక్కేది ఎక్కువగా ఒకటే మాట, ‘పోలీసుల దగ్గరికెళ్తే ముందు నిన్నే ఇండియాకి పంపేస్తారు’ అని. ఇంటి దగ్గర అప్పు అలాగే ఉంటుంది, పాస్‌పోర్టు వాళ్ల బీరువాలో ఉంటుంది, ఇక ఏం మాట్లాడతారు? టీ-వీసా వస్తే నాలుగేళ్లు ఉండొచ్చు, పని చేసుకోవచ్చు, మూడేళ్లయ్యాక గ్రీన్‌కార్డుకి అప్లై చేయొచ్చు, ఇండియావాళ్లకుండే ఆ అంతులేని క్యూ దీనికి లేదు. భార్య లేదా భర్తనీ, పిల్లల్నీ తెచ్చుకోవచ్చు, బాధితులకి 21 ఏళ్లు నిండకపోతే తల్లిదండ్రుల్ని కూడా. దర్యాప్తుకి సహకరించాలన్న షరతు ఉంది, 18 ఏళ్లలోపు వాళ్లకీ, మానసికంగా బాగా దెబ్బతిన్నవాళ్లకీ అందులో మినహాయింపు ఉంది. ఏడాదికి 5,000 మందికే ఇస్తారు.

అలాగని ఇది గ్రీన్‌కార్డుకి అడ్డదారి కాదు. కన్సల్టెన్సీ జీతం ఎగ్గొట్టిందనో, ప్రాజెక్టు లేదని బెంచ్ మీద ఖాళీగా కూర్చోబెట్టిందనో ఇది రాదు, బలవంతమో మోసమో బెదిరింపో పెట్టి చాకిరీ చేయించారని చూపించాలి. లాయర్‌ని అడక్కుండా ఫారం నింపితే మొదటికే మోసం. బాధితుల తరఫున ఉచితంగా వాదించే స్వచ్ఛంద సంస్థలున్నాయి, కొన్నిచోట్ల ఉండటానికి చోటు కూడా చూపిస్తాయి.

అమెరికాలోని తెలుగు సంఘాలు తానా, ఆటా సభల్లో ఇమ్మిగ్రేషన్ లాయర్లతో సెషన్లు పెడుతుంటారు కదా, అందులో పది నిమిషాలు దీనికి ఇవ్వమని నిర్వాహకుల్ని అడుగుతున్నాను. మీరు మాత్రం ఈ వివరాలు ఎన్నారై పేజీలో కాదు, జిల్లా ఎడిషన్లో వేయండి. అక్కడ ఇరుక్కున్న పిల్లకి ఫోన్ దొరికితే ముందు చేసేది ఊళ్లో ఉన్న అమ్మకే, ఆ అమ్మకి ఏం చెప్పాలో తెలియాలి. అమెరికాలో ట్రాఫికింగ్ (మనుషుల అక్రమ రవాణా) బాధితుల హాట్‌లైన్ నంబరు 1-888-373-7888, కాస్త పెద్దక్షరాల్లో.

ఇట్లు,
మీ పాఠకురాలు,
ఫ్రీమాంట్, కాలిఫోర్నియా