సెయింట్ లూయిస్ కథలో మీరు వదిలేసిన ముక్క

ఎడిటర్ గారికి నమస్కారం,

ఆదివారం సంచికలో అమెరికాలోని సెయింట్ లూయిస్ ఎలా పుట్టిందో వేశారు, మా తిరుపతి పిల్లలు కూడా అక్కడ ఉన్నారు కాబట్టి ఇంట్లో అందరం చదివాం, బాగుంది. కానీ ఫ్రెంచ్ వాళ్లు తోళ్ల వ్యాపారానికి వచ్చి ఊరు పెట్టారని రెండు లైన్లలో తేల్చేశారు, ఆ చోటే ఎందుకు పట్టుకున్నారో రాయలేదు. అసలు సంగతి అదే కదండీ.

తోళ్ల వ్యాపారి పియర్ లక్లేడ్ 1763లో న్యూ ఆర్లియన్స్ నుంచి మిసిసిపీ మీద ఎదురెక్కి వచ్చాడు. దారిలో సెయింట్ జెనవీవ్ అని ఊరు అప్పటికే ఉంది, కానీ ఆయన సరుకంతా పట్టే చోటు అక్కడ లేదు, మిస్సోరీ నది కలిసే చోటికి దూరం, పైగా పల్లం, అందుకని ఒప్పుకోలేదు. ఇంకా పైకి పోయి రెండు నదులు కలిసే చోటు దాకా చూసొచ్చి, దానికి కొంచెం దిగువన పడమటి ఒడ్డున సున్నపురాయి గట్టు మీద మెరక చూసుకుని, చెట్లకి గాట్లు పెట్టి గుర్తులు చేసిపోయాడు. 1764 ఫిబ్రవరిలో లక్లేడ్ పంపిన ఆగస్ట్ షూటో అనే కుర్రాడు ఓ ముప్పై మందితో దిగి పని మొదలుపెట్టాడు. లక్లేడ్ ఇంటి సెల్లార్ తవ్విన మట్టిని మిస్సోరియా అనే అక్కడి ఆదివాసీ తెగ ఆడవాళ్లు చెక్క పళ్లేల్లో, బుట్టల్లో నెత్తిన పెట్టుకుని మోశారని షూటోనే రాసిపెట్టాడు, వాళ్ల ఊసు కూడా లేకపోవడం నాకు బాధేసింది.

మరి పల్లంలో ఉన్న సెయింట్ జెనవీవ్ ఏమైంది? 1785 వరదకి మునిగిపోయింది, తర్వాత జనం మెల్లగా మెరకకి పోయి ఊరే మార్చుకున్నారు. అవతలి ఒడ్డున 1750ల్లో కట్టిన రాతికోట ఫోర్ట్ డి షార్ట్ర్ ఇంకా ఘోరం, నది ఒడ్డు కోసుకుంటా కోసుకుంటా గోడ దాకా వచ్చేస్తే 1772కల్లా వదిలేసి పోయారు.

ఇదంతా ఎందుకంటే 2021 నవంబర్ వరద మాకింకా కళ్లముందే ఉంది. కపిలతీర్థం కాడ నీళ్లు ఎట్లా దూకాయో చూశాం, రాయలచెరువు కట్టకి లీకేజీ అని చుట్టుపక్కల పల్లెలు ఖాళీ చేయించారు, స్వర్ణముఖి ఒడ్డున ఉన్నోళ్లు నిద్రపోలేదు. ఇంత జరిగినా వంక (వాగు) పూడ్చి రాళ్లు పాతి ప్లాట్లు అమ్మేది ఆగలేదు, కొనే వాళ్లకి అది వంకని చెప్పేవాళ్లు లేరు.

మీరు పాత సర్వే మ్యాపులు, ఎఫ్‌ఎంబీలు (పొలాల కొలతల పుస్తకాలు) తెప్పించి ఏ వంక ఎక్కడ పారేదో, ఏ చెరువు మరవ (అలుగు) నీళ్లు ఎటు పోయేవో జిల్లా పేజీలో వారానికో మండలం చొప్పున వేయండి, తిరుపతి రూరల్ మండలంతో మొదలుపెడితే ఇంకా మంచిది, ఇప్పుడు రిజిస్ట్రేషన్లు ఎక్కువ అక్కడే జరుగుతున్నాయి.

- ఒక పాఠకుడు, తిరుపతి