ఆదివారం నడక: పొగ మానేసినవాళ్లు తప్పక చదవండి

అందరికీ నమస్కారం. ఈ ఆదివారం పొద్దున్న 6 గంటలకి విజయనగరంలో అయ్యకోనేరు చెరువు గట్టు మీద కలుద్దాం.

సిగరెట్ మానేసి వారమైన మనవాళ్లు ముగ్గురూ రావాలి. దగ్గు ఎక్కువైందని భయపడి మళ్లీ వెలిగించకండి, ఊపిరితిత్తులు కఫాన్ని బయటికి తోసుకుంటున్నాయంతే (రక్తం పడితే మాత్రం వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లండి). ఆపిన 20 నిమిషాలకే గుండె వేగం తగ్గుతుంది, ఒకట్రెండు రోజుల్లో రక్తంలో కార్బన్ మోనాక్సైడ్ మామూలు స్థాయికి వస్తుంది, ఏడాదికి గుండెజబ్బు ముప్పు పొగ తాగేవాళ్లతో పోలిస్తే సగానికి పడిపోతుంది.

చిరాకు మొదటి వారాల్లోనే ఎక్కువ. నేనూ పడ్డాను, మా ఇంట్లోవాళ్లు ఇంకా పడ్డారు.

ఇంట్లో అడ్డపొగ (చుట్ట మండే కొసని నోట్లో పెట్టుకుని) తాగే పెద్దమ్మలు, అత్తలు ఉంటే వాళ్లనీ తీసుకురండి. టెన్షన్‌గా ఉంటే పొగాకు మానడానికి సాయపడే జాతీయ హెల్ప్‌లైన్ 1800-11-2356కి ఫోన్ చేయండి, ఉచితం.

వచ్చేవాళ్లు శనివారం రాత్రిలోగా ఇక్కడ పేరు పెట్టండి. టీ ఖర్చు నాది, టీతో పాటు ఇంకేదీ అడగొద్దు!