మురళికి, కత్తి సంగతి

తిరుపతి

ఒరే మురళీ,

"వంటకి మంచి కత్తి ఏదో ఒక్క ముక్కలో చెప్పరా" అని రాశావు. ఒక్క ముక్కలో తేలదు గానీ, గాంధీరోడ్డులో పాత్రల అంగడికి పోయేముందు ఇది చదువుకుని పో.

బ్లేడు పొడుగు 8 అంగుళాలు. 6 అంగుళాలదైతే క్యాబేజీ ఒక్క కోతకి తెగదు, 10 అంగుళాలది మీ వంటింటి గట్టు మీద తిరగదు.

తర్వాత స్టీలు. దాని గట్టితనాన్ని రాక్‌వెల్ అంకెల్లో చెప్తారు. జర్మన్ తరహావి 56–58 దగ్గర ఉంటాయి, జపాన్ వీజీ-10 రకం స్టీలు లాంటివి 60 చుట్టుపక్కల. అంకె పెరిగేకొద్దీ గట్టిది. గట్టిదైతే పదును ఎక్కువ రోజులు నిలుస్తుంది, కానీ పెళుసు. ఎముక మీద పడినా, గుమ్మడికాయలో దిగాక పక్కకి తిప్పినా అంచు పెచ్చు లేచిపోతుంది. మెత్తదాని అంచు వంగుతుందంతే, హోనింగ్ కడ్డీ (వంగిన అంచుని సరిచేసే కడ్డీ) మీద నాలుగైదు సార్లు లాగితే నిటారుగా నిలబడుతుంది. మీ ఇంట్లో కత్తి నలుగురి చేతుల్లో పడుతుంది కాబట్టి 56 దగ్గరిదే తీసుకో. కార్బన్ స్టీలు జోలికి పోవద్దు. చింతపండు, నిమ్మకాయ పులుపు తగిలితే నల్లబడుతుంది, తడిగా వదిలేస్తే తుప్పే. పొద్దునా సాయంత్రం పులుసులు కాచే ఇల్లు మీది.

అసలు సంగతి మందం. కత్తిని మొన వైపు నుంచి చూడు. వీపు దగ్గర 2 మి.మీ. ఉన్నా ఫరవాలేదు, అంచుకి కొంచెం పైన పల్చగా ఉండాలి. అక్కడ మందంగా ఉంటే ఎంత సానబట్టినా క్యారెట్ తెగదు, టప్పుమని పగులుతుంది. ఉర్లగడ్డలో సగం దాకా దిగి ఇరుక్కుంటుంది. "సుత్తితో కొట్టి చేసింది సార్, బరువు చూడండి" అంటాడు అంగడాయన. బరువు చూసి మోసపోవద్దు. విక్టోరినాక్స్ కంపెనీ ఫైబ్రాక్స్ కత్తి రేకు నుంచి కత్తిరించి చేసిందే, తేలిగ్గా ఉంటుంది, సుఖంగా తెగుతుంది. డమాస్కస్ అని చెప్పే పొరల స్టీలు మీది అలల గీతలు కూడా కంటికే. చవక కత్తుల మీద వాటిని లేజర్‌తో గీస్తారు. నిజం అలలున్నదాంట్లో కూడా కోసేది మధ్యలో ఉన్న స్టీలే.

చేతిలోకి తీసుకుని బొటనవేలు, చూపుడువేలు మధ్య బ్లేడునే పట్టుకో, మిగతా మూడు వేళ్లు పిడికి చుట్టు. బల్ల మీద కోస్తున్నట్టు ఆడించు. వేలి కణుపులు బల్లకి తగిలితే ఆ కత్తి నీకు పనికిరాదు, మడమ దగ్గర, అంటే పిడి వైపు బ్లేడు చివర, వెడల్పు 45 మి.మీ. అయినా ఉండాలి. పిడికీ బ్లేడుకీ మధ్య ఉండే లావు ఇనుప కట్టు అంచు దాకా దిగి ఉంటే వదిలెయ్. సానరాయి మీద ఆ కట్టు అరగదు, పక్కనున్న అంచు అరుగుతుంది. కొన్నేళ్లకి అక్కడ గుంట పడి ఎర్రగడ్డ ముక్కలు విడిపోకుండా దండలా వేలాడతాయి. చెక్క పిడి రివెట్ల దగ్గర సందు కనబడినా వద్దు, నీళ్లు దిగి కుళ్లుతుంది.

డబ్బులన్నీ కత్తికే పొయ్యొద్దు, 1000 గ్రిట్ (రాయి గరుకుని చెప్పే అంకె) సానరాయికి కొంత ఉంచుకో. వీధిలో చక్రం తిప్పుతూ వచ్చేవాడికి ఇవ్వొద్దు. పొడి చక్రం వేడికి అంచు నీలం రంగుకి తిరిగిందంటే అక్కడ స్టీలు మెత్తబడిపోయినట్టే, మళ్లీ పదును నిలవదు.

సానబట్టేటప్పుడు, నానబెట్టే రకం రాయైతే ముందు పది నిమిషాలు నీళ్లలో వెయ్యి. బ్లేడు వెడల్పు 46 మి.మీ. అనుకో, వీపుని రాయి నుంచి 12 మి.మీ. ఎత్తితే బ్లేడుకీ రాయికీ మధ్య కోణం 15 డిగ్రీలు, 16 మి.మీ. ఎత్తితే 20. మెత్త స్టీలుకి ఈ రెంటికీ మధ్యలో పెట్టు, చివరిదాకా ఆ ఎత్తు మారకూడదు. ఒక వైపే రుద్దుతూ పో. రెండో వైపు, వీపు నుంచి అంచు దాటి బయటికి వేలితో నిమిరితే మడమ నుంచి మొన దాకా సన్నటి గరుకు తగలాలి. అది తగిలాకే తిప్పు. చాలామంది అది రాకముందే తిప్పేసి, గంటసేపు రుద్దినా పదును రాలేదంటారు. రెండో వైపూ అయ్యాక చెయ్యి తేలిక చేసి ఒక్కోవైపు ఒక్కోసారి లాగి ఆ గరుకు తీసెయ్. పండిన టమాటా తొక్క నొక్కకుండా తెగితే అయినట్టే.

కోసేది చెక్క పలక మీదో, ప్లాస్టిక్ పలక మీదో. గ్రానైట్ గట్టు మీద, స్టీలు పళ్లెంలో కోస్తే ఒక్క పూటకే మొద్దుబారుతుంది. తరిగిన ముక్కల్ని అంచుతో గీకి తొయ్యకు, వీపుతో తొయ్యి. టెంకాయకి మచ్చుకత్తి ఉంది, ఆవకాయకి మామిడికాయని టెంకతో సహా కొట్టే కత్తిపీట ఉంది. ఆ పనులు దీనికి అప్పజెప్పకు. అమ్మ కత్తిపీట అటకెక్కించాలని చూడకు కూడా, మాటలు పడతావు.

అంగట్లో నచ్చింది దొరికితే డబ్బులిచ్చే ముందు ఒక ఫొటో పంపు. పక్క నుంచి కాదురా, మొన వైపు నుంచి.

నీ
రమణ