అమ్మవారు నోరు విప్పిన ఊరి ఆడపిల్లవి

విజయనగరం,
మంగళవారం.

అమ్మడూ,

ఆదివారం నువ్వు చెప్పింది విన్నప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. ఫోన్లో అయితే నువ్వు ఏడుస్తావు, నేనూ ఏడుస్తాను, చెప్పాల్సింది మిగిలిపోతుంది. అందుకే కాగితం తీశాను.

ఆ మేనేజరు రాత్రి పదకొండింటికి మెసేజీలు పెట్టడం, పని చూస్తున్నట్టు కుర్చీ వెనక నిలబడి భుజం మీద చెయ్యి వెయ్యడం, ఇవి నీ నవ్వు వల్లా కాదు, నీ బట్టల వల్లా కాదు. తప్పు వాడిది. ఈ మాట నాన్న కూడా రాయమన్నారు. నీతో అనడానికి ఆయనకు నోరు రావడం లేదు, రెండు రోజులుగా అన్నం సరిగ్గా తినడం లేదు.

చివర్లో నువ్వొక మాట అన్నావు, "అమ్మవారే చూసుకుంటుందిలే" అని. అక్కడే నీతో నాకు పేచీ.

చూసుకుంటుంది, నాకేం అనుమానం లేదు. కానీ మన అమ్మవారు, పైడితల్లి, ఎవరు? బొబ్బిలి మీదికి యుద్ధానికి పోవద్దని అన్నగారికి ఎదురు చెప్పిన ఆడపడుచు. ఆ అన్న మామూలు మనిషా, విజయనగరం రాజు! 1757లో చుట్టూ సర్దార్లు, వెనక ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు. అందరూ యుద్ధం అంటుంటే ఆ పిల్ల వద్దంది. ఆయన వినలేదు. బొబ్బిలి కాలి బూడిదయింది, ఆయనా తాండ్ర పాపారాయుడి చేతిలో పోయాడు. అన్నకు ఆపద ఉందని తెలిసి, ఒంటి మీద మసూచి ఉండగానే ఆమె బయల్దేరిందని కదా మన పెద్దవాళ్లు చెప్పేది. పెద్దచెరువులో విగ్రహంగా దొరికిన ఆ తల్లినే మూడు లాంతర్ల కూడలి దగ్గర కొలుస్తున్నాం. దసరా వెళ్లిన మంగళవారం ఆమె సిరిమాను, చివర పూజారి కూర్చునే ఆ పొడవాటి మాను, గుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతుంది. ఆమె మాట చెల్లని ఆ కోట ముందుకే ఏటా వస్తుంది తల్లీ.

అలాంటి ఆమెను నమ్ముకున్నవాళ్లం నోరు మూసుకుని, దానికి భక్తి అని పేరు పెట్టకూడదు. మొక్కుకో, తప్పకుండా మొక్కుకో. "వాడికి బుద్ధి ఇవ్వమ్మా" అని కాదు, "నాకు ధైర్యం ఇవ్వమ్మా" అని మొక్కుకో. గొంతు వణుకుతుందని భయపడకు. రాసి ఇచ్చేదానికి గొంతుతో పని లేదు.

అంగన్‌వాడీలో ఉండగా ట్రైనింగుల్లో పనిచేసే చోట ఆడవాళ్ల మీద లైంగిక వేధింపులను ఆపే చట్టం గురించి మాకు చెప్పారు. 2013లో వచ్చింది. పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతిచోటా అంతర్గత కమిటీ ఉండాలి. దానికి పెద్ద ఒక సీనియర్ ఉద్యోగిని. సభ్యుల్లో సగం మందైనా ఆడవాళ్లే, ఒకరు బయటి మనిషి. చివరిసారి జరిగిన రోజు నుంచి మూడు నెలల్లోపు రాసి ఇవ్వాలి. కారణం ఉంటే ఇంకో మూడు నెలలు ఇవ్వొచ్చు గానీ దాని మీద ఆశ పెట్టుకోకు. ఆరు కాపీలు ఇవ్వాలి.

మెసేజీ ఒక్కటి కూడా చెరపకు. చూస్తే కంపరం పుడుతుంది, తెలుసు. స్క్రీన్‌షాట్లు తీసి నాకు పంపు. నేను చదవను, దాచిపెడతాను. ఏ రోజు, ఏ వేళ, దగ్గరలో ఎవరున్నారు, గుర్తున్నంత వరకూ రాయి. భుజం మీద చెయ్యి వేశాడంటే వేశాడనే రాయి. "అనుచితంగా ప్రవర్తించారు" అని వాడికి మెత్త పరచకు.

విచారణ 90 రోజుల్లో ముగించాలి. అన్నాళ్లూ వాడి కిందే ఎలా అని కదా నీ బెంగ? వాడినో నిన్నో వేరే చోటికి మార్చమని అడగొచ్చు, మూడు నెలల దాకా సెలవూ అడగొచ్చు. అది నీ మామూలు సెలవుల్లోంచి పోదు. నీ పేరు బయటపెట్టకూడదు. రాజీ అనేది నువ్వు కోరితేనే, అదీ డబ్బుతో కుదుర్చుకునేది కాదు. రుజువు చాలకపోతే నన్నే తప్పు పడతారేమో అన్నావు. రుజువు చాలనంత మాత్రాన నీ మీద చర్య తీసుకోనక్కర్లేదని చట్టంలోనే ఉంది.

ఈ చట్టం ఊరికే రాలేదు. రాజస్థాన్‌లో భన్వరీ దేవి అని, మాలాగే ఊళ్లో ఇల్లిల్లూ తిరిగే కార్యకర్త. బాల్యవివాహం ఆపబోయిందన్న కక్షతో 1992లో ఆమె మీద అత్యాచారం చేశారు. ఆమె దాచుకోలేదు, అందరికీ చెప్పింది. కింది కోర్టు ఆ నేరం నుంచి వాళ్లను వదిలేసింది. అయినా ఆమెకు జరిగినదాన్ని పట్టుకుని విశాఖ అనే సంఘం, మరికొందరు సుప్రీంకోర్టుకు వెళితేనే 1997లో మార్గదర్శకాలు వచ్చాయి, ఆ తర్వాతే ఈ చట్టం. ఆమె పడ్డది పగవాళ్లకు కూడా వద్దు. ఆమె చెప్పబట్టే ఇవాళ నువ్వు కాగితం ఇవ్వడానికి ఒక చోటంటూ ఉంది.

ఉద్యోగం సంగతి నాన్ననడిగాను. "పోతే పోనీ, మన గుంట బాగుంటే చాలు" అన్నారు. నువ్వు మానేయాలని కాదు నేను రాసేది. మానేయాల్సింది నువ్వెందుకు?

శుక్రవారం పొద్దున బండికి వస్తున్నాను. చిత్తు ప్రతి రాసి ఉంచు, కలిసి చదివి సరిచేద్దాం. కమిటీ గదిలోకి నన్ను రానివ్వరు గానీ పిలిచిన రోజు బయట కూర్చుంటాను, ఎంతసేపైనా సరే. అమ్మవారి కుంకుమ, నువ్వు అడిగిన ఆవకాయ తెస్తున్నాను.

మీ అమ్మ