కార్మాక్స్‌లో ఒక రాత్రి ఆగరా

ఒరేయ్ శీనూ,

నీ ప్లాన్ మొత్తం చదివాను. కెనడాలో వైట్‌హార్స్ నుంచి డాసన్ దాకా యూకాన్ నది మీద కయాక్‌లో (తెడ్డుతో నడిపే సన్నటి పడవలో) 715 కిలోమీటర్లు, రోజుల లెక్క బాగానే వేశావు. కానీ దారిలో వచ్చే కార్మాక్స్ ఊరి దగ్గర ‘2 గంటలు, సరుకులు’ అని రాశావు చూడు, అది నాకు నచ్చలేదురా. అక్కడ ఒక పగలూ ఒక రాత్రీ ఆగాల్సిందే. అప్పటికి దాదాపు 320 కిలోమీటర్లు వచ్చుంటావు, ఒడ్డుకు లాగిన ప్రతిసారీ పడవ అడుగు గులకరాళ్ల మీద గీసుకునే ఉంటుంది, పగులు కూడా పడి ఉండొచ్చు, దాన్ని అక్కడే అతికించుకోవాలి. ముందున్నది ఇంకో 400. మధ్యలో నమ్ముకోదగ్గ కొట్టు లేదు. పైగా 40 కిలోమీటర్లు దాటకుండానే ఫైవ్ ఫింగర్ రాపిడ్స్, అంటే నది ఉరవడిగా సుడులు తిరిగే చోటు.

ఒడ్డు చేరగానే కొట్టుకు పరిగెత్తకు. ముందు సామాను దించి, కయాక్‌ను కడిగి, ఎండలో బోర్లించు. అది ఆరేలోపు సరుకులు తెచ్చుకోవచ్చు. పగులులో చెమ్మ మిగిలితే ఎపాక్సీ (రెజిన్, హార్డెనర్ అనే రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురు) పట్టదు, పట్టినట్టే ఉండి నదిలో ఊడుతుంది.

నీది ఫైబర్‌గ్లాస్ పడవ కాబట్టి, పగులు చుట్టూ 5 సెంటీమీటర్ల మేర 80 నంబరు గరుకు కాగితంతో మెరుపు పోయేదాకా రుద్దు. జిడ్డు తీసే అసిటోన్‌తో తుడిచాక ఇక వేలు పెట్టకు, చేతి జిడ్డు కూడా అతుకును చెడగొడుతుంది. గ్లాస్ గుడ్డ (గాజు పోగులతో నేసిన గుడ్డ) రెండు ముక్కలు, ఒకటి కాస్త చిన్నదిగా, మూలలు గుండ్రంగా కత్తిరించు. మూల కోసుగా ఉంటే రాయికి తగులుకుని లేస్తుంది. రెజిన్, హార్డెనర్ మాత్రం కంటికొలతన కలపొద్దు, రెండు సిరంజీలు పెట్టుకో. సీసా మీద 5కి 1 అని ఉంటే, 20 మిల్లీలీటర్ల రెజిన్‌కి 4 మిల్లీలీటర్ల హార్డెనర్. హార్డెనర్ ఎక్కువేస్తే త్వరగా పడుతుందనుకుంటారు గానీ, జిగటగానే మిగిలిపోతుంది. ఇంట్లో ఎం-సీల్ ముద్దలు సమానంగా తీసుకోకపోతే ఏమయ్యేదో తెలుసుగా, ఇదీ అంతే. గుడ్డ రెజిన్ పీల్చుకునేకొద్దీ తెలుపు పోయి గాజులా మారుతుంది. ఎక్కడైనా తెల్లచుక్క కనిపిస్తే అక్కడ ఇంకా పొడిగా ఉన్నట్టే, బ్రష్ మొనతో పొడిచి తడుపు. పైన పాలిథిన్ కవర్ పరిచి, మధ్యలోంచి అంచులకు గాలిని వేళ్లతో తోసెయ్.

ఇదంతా మధ్యాహ్నంలోపే అయిపోవాలి. 10 డిగ్రీలు వేడి తగ్గితే ఎపాక్సీ గట్టిపడటానికి ఇంచుమించు రెట్టింపు సమయం కావాలి, అక్కడ వేసవి రాత్రులూ చల్లగానే ఉంటాయి. ఆ రాత్రి ఆగమనేది అందుకే.

చుక్కాని తీగ కూడా చూడు, ముఖ్యంగా గొట్టంలోంచి బయటికొచ్చే చోట. ఒక్క పోగు తెగినా తీసేసి 3 మిల్లీమీటర్ల డైనీమా తాడు (సాగని, చాలా గట్టి సింథటిక్ తాడు) ఎక్కించు.

తిండి 6 రోజులకి, ఎదురుగాలి కోసం ఇంకో 2 రోజులకి. గ్యాస్ డబ్బాలు మొత్తం ప్రయాణానికీ వైట్‌హార్స్‌లోనే కొనెయ్. అక్కడే ఒక మడత బకెట్ కూడా. దారిలో వైట్ రివర్ అనే ఉపనది కలిశాక నీళ్లు హిమానీనదాల ఒండ్రుతో బూడిద రంగుకి తిరుగుతాయి, ఫిల్టర్ ఇట్టే మూసుకుపోతుంది. పక్క వాగుల్లో తేటనీళ్లు పట్టుకో, లేదంటే రాత్రంతా బకెట్‌లో తేరనిచ్చి పైనీళ్లు వడకట్టుకో.

తెల్లారాక అతుకును గోటితో నొక్కు. గాటు పడితే ఇంకో పూట ఆగు. పడకపోతే బయల్దేరు. ఫైవ్ ఫింగర్‌లో కుడి చివరి పాయ పట్టుకో, ఆ తర్వాత వచ్చే రింక్ రాపిడ్స్‌లో కూడా కుడివైపే.