600 కిలోల బండికి ఏ ఇంజన్?

కొవెంట్రీ,
ఆదివారం రాత్రి

ఒరేయ్ మిత్రమా,

నేను ఇంట్లో కడుతున్న కారుకు ఏ ఇంజన్ పెట్టాలా అని అడిగితే, నిన్న ఫోనులో నువ్వు "బైకు ఇంజన్ పెట్టేయరా, ఇంకా ఆలోచన ఎందుకు?" అని ఒక్క మాటలో తేల్చేశావు. ఫోనులో అయితే నన్ను సగం కూడా చెప్పనివ్వవు. అందుకే తీరిగ్గా కూర్చుని ఉత్తరం రాస్తున్నాను. చివరి దాకా చదివి, ఆ తర్వాత ఎంత తిట్టాలనుకుంటే అంత తిట్టు.

ముందు బండి సంగతి. నేను కడుతున్నది లోటస్ సెవెన్ అనే పాత బ్రిటిష్ చిన్న కారు వంశానికి చెందినది. చదరపు ఇనుప గొట్టాలు అతికిన చట్రం, దానిమీద పల్చటి అల్యూమినియం రేకులు, రెండు సీట్లు, తలుపులు లేవు, పైకప్పు లేదు. 1957లో లోటస్ కంపెనీ స్థాపకుడు కోలిన్ చాప్‌మన్ ఈ నమూనాను బయటికి తెచ్చినప్పుడు ఇంగ్లండులో పూర్తిగా తయారైన కారు కొంటే కొనుగోలు పన్ను పడేది, విడిభాగాలుగా కొంటే పడేది కాదు. అయితే విడిభాగాలతో పాటు బిగించే సూచనలు ఇవ్వకూడదని నిబంధన. దాంతో వాళ్లు విప్పే సూచనలు ఇచ్చేవారట, కొన్నవాళ్లు వాటిని చివరి నుంచి మొదటికి చదువుకుని బిగించుకునేవారట! ఇక్కడ ఈ బండ్లు కట్టేవాళ్లందరూ చెప్పుకునే ముచ్చట ఇది. 1973లో కొనుగోలు పన్ను పోయి వ్యాట్ వచ్చింది, ఆ వెసులుబాటు కూడా పోయింది. అదే ఏడాది సెవెన్ హక్కులు కేటర్‌హామ్ అనే కంపెనీ చేతికి వెళ్లాయి. కానీ ఇంట్లో కారు కట్టుకునే అలవాటు మాత్రం ఈ దేశంలో పోలేదు.

ఆ మొదటి సెవెన్‌లో ఉన్నది 1172 సీసీ ఫోర్డ్ సైడ్‌వాల్వ్ ఇంజన్. దాని శక్తి 40 హార్స్‌పవర్. అంతే! అయినా జనం వెర్రెత్తిపోయారంటే కారణం బరువు. నా వాదనంతా అక్కడి నుంచే మొదలవుతుంది.

లెక్క చూడు. మీ ఇంటి స్విఫ్ట్ బరువు సుమారు 900 కిలోలు, శక్తి 90కి అటూ ఇటూ. అంటే టన్నుకు 100 హార్స్‌పవర్. నా బండి పెట్రోలుతో, నీళ్లతో కలిపి 600 కిలోల దగ్గర తేలాలని నా లక్ష్యం. అందులో 130 హార్స్‌పవర్ ఇంజన్ పెడితే టన్నుకు 215 దాటుతుంది. అంటే ఏ పాత కుటుంబ కారు ఇంజన్ తెచ్చి పెట్టినా ఇది పరుగెత్తుతుంది. కాబట్టి ఎన్ని గుర్రాలు అన్నది నాకు అసలు ప్రశ్నే కాదు. ఇంజన్ ఎంత బరువు, ఆ బరువు ఎక్కడ కూర్చుంటుంది, ఆ శక్తి ఎన్ని ఆర్‌పీఎమ్ (నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర చేతికొస్తుంది, వెంట ఇంకా ఏమేం కొనిపిస్తుంది? నేను చూస్తున్నవి ఇవి.

ఇక నీ బైకు ఇంజన్. దాన్ని నేను తక్కువ చేయడం లేదు. సుజుకీ హయబూసా 1999లో 1299 సీసీతో వచ్చినప్పుడే 170కి పైగా హార్స్‌పవర్ ఇచ్చింది. పైగా గేర్‌బాక్స్ అదే పెట్టెలో ఉంటుంది. కారు ఇంజన్, గేర్‌బాక్స్ కలిపి తూచితే వచ్చే బరువులో ఇది సగం చుట్టుపక్కలే. గేరు ముందుకు తోస్తే ఒకటి, వెనక్కి లాగితే ఒకటి, రేసు బండిలో మార్చినట్టే. ఇంత మంచిది వద్దంటున్నానంటే ఊరికే అనడం లేదు.

మొదటిది నూనె. బైకు మలుపు తిరిగేటప్పుడు పక్కకు వాలుతుంది కదా, అందుకే ఎంత గట్టిగా తిరిగినా నూనె సంప్ (ఇంజన్ కింద నూనె నిలిచే తొట్టి) అడుగునే నొక్కుకుని ఉంటుంది. అదే ఇంజన్ కారులో పెట్టావనుకో, కారు వాలదు. పొడవాటి మలుపులో నూనె మొత్తం సంప్ పక్క గోడ ఎక్కేస్తుంది. నూనె పీల్చే గొట్టం మూతి ఖాళీలో పడుతుంది, పంపు గాలి పీలుస్తుంది. 8,000 ఆర్‌పీఎమ్ మీద తిరుగుతున్న క్రాంక్ (ఇంజన్ లోపలి ప్రధాన ఇరుసు) బేరింగులకు ఒక్క క్షణం నూనె అందకపోయినా చాలు, వాటి పని అయిపోయినట్టే. అందుకే బైకు ఇంజన్లు పెట్టేవాళ్లు సంప్‌లో అడ్డుగోడలు వేయిస్తారు, లేదా నూనెను వేరే ట్యాంకులో ఉంచే డ్రై సంప్ పెట్టిస్తారు. ఆ ఖర్చు చూశాక, ఇంజన్ చవకగా దొరికిందన్న సంతోషం మిగలదు.

రెండోది టార్క్, అంటే ఇంజన్ తిప్పే బలం. ఆ హయబూసా 138 న్యూటన్ మీటర్లు ఇస్తుంది, కానీ 7,000 ఆర్‌పీఎమ్ దగ్గర. దాని క్లచ్ చేసింది మనిషితో కలిపి 300 కిలోలు కదిలించడానికి. నేనూ మా ఆవిడా కూర్చుంటే నా బండి 750 దాకా పోతుంది. ఎత్తు రోడ్డు మీద ట్రాఫిక్‌లో ఆగి ఆగి కదలాలంటే ఆ క్లచ్‌ను ఏడిపించాలి. ఇక రివర్సు గేరు. ఇక్కడి చట్టం ప్రకారం 410 కిలోలు దాటిన ప్రతి వాహనం వెనక్కి కూడా నడవాలి. బైకు ఇంజన్‌లో రివర్సు ఉండదు కాబట్టి దానికి వేరే పెట్టె, మళ్లీ బరువు, మళ్లీ ఖర్చు. చప్పుడు సంగతి కూడా ఉంది. ఇంట్లో కట్టిన బండిని రోడ్డెక్కించే ముందు ఐవీఏ అనే ప్రభుత్వ పరీక్ష పాసవ్వాలి, అందులో 99 డెసిబెల్స్ దాటకూడదు. పైపైకి తిరిగే బైకు ఇంజన్‌ను ఆ గీత లోపల ఉంచడం చిన్న పనేమీ కాదు.

మీ కాలేజీ విద్యార్థులు ఫార్ములా పోటీ బండికి కేటీఎమ్ 390 బైకు ఇంజన్ పెట్టడం నూటికి నూరుపాళ్లు సరైన పని. వాళ్ల పోటీ నిబంధనలే 710 సీసీ దాటవద్దంటాయి, గాలి మొత్తం 20 మిల్లీమీటర్ల రంధ్రంలోంచే పోవాలంటాయి. ఒక మనిషి, ఒక ట్రాక్, కొద్దిసేపు పరుగు. అక్కడ 373 సీసీ ఒంటి సిలిండర్ ఇంజన్‌ను మించినది నేనూ చెప్పలేను. నాది పొద్దున్నే వేల్స్ కొండ దారుల్లో పడి, సాయంత్రానికి ఇల్లు చేరాల్సిన బండి.

సరే, కారు ఇంజన్లే అనుకున్నాను. ఏది? ఒకప్పుడు ఈ ప్రశ్నే ఉండేది కాదు. 1982 నుంచి 1993 దాకా తయారైన ఫోర్డ్ సియెరా వెనక చక్రాలతో నడిచేది. దాన్నొకదాన్ని కొని విప్పితే ఇంజన్, గేర్‌బాక్స్, డిఫరెన్షియల్ (రెండు వెనక చక్రాలకు శక్తి పంచే గేర్ల పెట్టె) అన్నీ వచ్చేవి. ఇప్పుడు సియెరాలు తుక్కులో కూడా కనబడటం లేదు. వాటిలో వచ్చే పింటో అనే ఇంజన్ ఎలాగూ బరువైన ఇనుప ముద్ద, దానికోసం నేను దిగులు పడను.

తర్వాత వచ్చిన ఫోర్డ్ జెటెక్ గట్టిది, చవకైనది. కానీ ముందు చక్రాలతో నడిచే బండ్లలో అడ్డంగా కూర్చోవడానికి పుట్టింది. దాన్ని నిలువుగా తిప్పగానే నీళ్ల వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ హౌసింగ్ వెనక్కి వచ్చి డ్రైవరు కాళ్ల ముందున్న గోడకు తగులుతుంది. నీళ్ల గొట్టాలు మార్చాలి, సంప్ కోసి పొట్టి చేయాలి, ఇంజన్‌ను గేర్‌బాక్స్‌కు కలిపే వేరే బెల్ హౌసింగ్ కొనాలి, దానికి సరిపడే గేర్‌బాక్స్ వెతకాలి. ఫోర్డ్‌దే డ్యూరాటెక్ అల్యూమినియం ఇంజన్, తేలిక, కేటర్‌హామ్ వాళ్లే వాడుతున్నారు. కానీ అదీ అడ్డంగా పుట్టినదే కాబట్టి దాదాపు ఇదే జాబితా దానికీ వర్తిస్తుంది.

రోవర్ కె-సిరీస్ మీద మాత్రం నాకు నిజంగా మనసు పడింది. 1996లో మొదటి లోటస్ ఎలీజ్‌లో ఉన్నది దాని 1.8 లీటర్ల రూపమే. అంతా అల్యూమినియం. హెడ్డునూ (ఇంజన్ పై భాగం) బ్లాకునూ (సిలిండర్లుండే కింది భాగం) పొడవాటి బోల్టులు పైనుంచి కిందిదాకా ఒకే కట్టగా పట్టి ఉంచుతాయి. ఎంత అందమైన ఆలోచనరా అది! లోపల తిరిగే నీళ్లు తక్కువ, త్వరగా వేడెక్కుతుంది. కొంచెం నీళ్లు కారినా ఆ రెంటి మధ్య అతుకును మూసే హెడ్ గ్యాస్కెట్ అంతే త్వరగా పోతుందని ఈ దేశంలో ఏ మెకానిక్కును అడిగినా చెబుతాడు. జాగ్రత్తగా చూసుకునేవాడి చేతిలో గొప్ప ఇంజన్. కానీ మా ఆవిడను పక్కన కూర్చోబెట్టుకుని ఇంటికి వంద మైళ్ల దూరంలో ఉన్నప్పుడు, నా కళ్లు రోడ్డు వదిలేసి వేడి ముల్లు మీదే ఉండటం నాకు ఇష్టం లేదు.

నువ్వు కాలేజీలో గోడకు బొమ్మ అంటించుకున్న టొయోటా 4ఏ-జీఈ సంగతి అడుగుతావని తెలుసు. 1587 సీసీ, కొరొల్లా ఏఈ86లో నిలువుగానే కూర్చుని వెనక చక్రాలను తిప్పింది. ఆ చప్పుడు ఇప్పటికీ చెవుల్లో ఉంది. కానీ ఆ నిలువు గేర్‌బాక్స్ ఇక్కడ దొరకడం గగనం. దొరికినా, అడిగే ధరకు నేను మిగతా బండి సగం కట్టవచ్చు.

ఇన్ని చూశాక నాకు తేలింది ఒకటే. ఇంజన్ తెచ్చుకోవడం సంబంధం కలుపుకోవడం లాంటిది, వియ్యాలవారంతా వెంట వస్తారు. గేర్‌బాక్స్, క్లచ్, షాఫ్ట్, డిఫరెన్షియల్, వైరింగ్, ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్), ఎగ్జాస్ట్ ఏ వైపున ఉంది, మన కుడి వైపు స్టీరింగ్ కడ్డీకి అది తగులుతుందా, ఇవన్నీ దానితో ముడిపడినవే. ఇవన్నీ ఒకదానికొకటి ముందే సరిపోయిన చోటి నుంచే ఇంజన్ తెచ్చుకోవాలి. అందుకే నేను మాజ్దా ఎమ్ఎక్స్-5 వైపు మొగ్గాను.

1989లో వచ్చిన ఆ చిన్న బండిలో ఇంజన్ నిలువుగా ఉంటుంది, దాని వెనకే అయిదు గేర్ల పెట్టె, వెనక చక్రాలకు డ్రైవు. నాకు కావలసిన వరుసే అది. బ్లాకు పోత ఇనుముది కాబట్టి డ్యూరాటెక్ కంటే బరువు, ఒప్పుకుంటాను. కానీ సెవెన్ చట్రంలో ఇంజన్ ముందు ఇరుసుకు వెనకగా కూర్చుంటుంది, మనుషులు దాదాపు వెనక చక్రాల ముందే కూర్చుంటారు. ఆ అదనపు బరువు ముక్కు మీద వేలాడదు కాబట్టి నేను భరించగలను.

అందులో రెండు రకాలు, 1597 సీసీ (1.6), 1839 సీసీ (1.8). చిన్నది 115 హార్స్‌పవర్ ఇస్తుంది, పైకి తిరగడానికి ఎంతో హుషారు. కానీ మొదట్లో వచ్చిన కొన్నింటిలో క్రాంక్ ముందు కొన పొట్టిగా ఉండి, పుల్లీ బోల్టు వదులై, పుల్లీని కదలకుండా పట్టే తాళం గాడి అరిగిపోయే జబ్బు ఉంది. 1995 తర్వాత ఇక్కడ అమ్మిన 1.6ను 90 దగ్గరికి తగ్గించేశారు, పేరు చూసి కొంటే దెబ్బ తింటాం. చిన్నదాని వెంట వచ్చే డిఫరెన్షియల్ కూడా చిన్నదే. 1.8 అయితే 130 హార్స్‌పవర్, 5,000 ఆర్‌పీఎమ్ దగ్గరే 150 న్యూటన్ మీటర్లకు పైగా టార్క్, పెద్ద డిఫరెన్షియల్. నాది 1.8 అని తేల్చుకున్నాను.

ఇంకో మేలు ఉంది. ఇక్కడ చలికాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పు నీళ్లకు ఈ మాజ్దాల తలుపుల కింది పట్టీలు తుప్పు పట్టి, ఏటా చేసే ఎమ్ఓటీ పరీక్షలో బండి తప్పుతుంది. వెల్డింగు ఖర్చుకు భయపడి యజమాని అమ్మేస్తాడు. లోపల ఇంజన్ మాత్రం నిక్షేపంగా ఉంటుంది. నాకు ఆ ఒళ్లు అక్కర్లేదు కదా! పైగా ప్రధాన భాగాలన్నీ ఒకే బండివని చూపిస్తే దాని వయసుకు తగిన నంబరు ఇస్తారు. నాలుగు బండ్ల నుంచి ఏరుకొచ్చి ఏది ఏ ఏడాదిదో చెప్పలేకపోతే క్యూ అక్షరంతో మొదలయ్యే నంబరు అంటగడతారు.

నువ్వు అక్కడ కట్టాలనుకుంటే మాత్రం నా సలహా వేరే. మన దగ్గర ఇంట్లో కట్టిన కారును రోడ్డుకు రిజిస్టరు చేయించడం అయ్యే పని కాదు కాబట్టి ట్రాక్ కోసమే అనుకో. మారుతి జిప్సీ 1.3 ఇంజన్ చూడు. అల్యూమినియం బ్లాకు, 16 వాల్వులు, 80 హార్స్‌పవర్, నిలువుగా అమర్చిన ఇంజన్, అయిదు గేర్లు. విజయవాడ ఆటోనగర్‌లో ఒక పూట తిరిగితే దాని ప్రతి ముక్కా తెలిసినవాడు దొరుకుతాడు. 500 కిలోల బండికి అది చాలు.

వచ్చే శనివారం ఒక తుప్పు పట్టిన 1.8 చూడటానికి వెళ్తున్నాను. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయమని ముందే చెప్పాను. మొదట కాసేపు వాల్వులను కదిపే టాపెట్లు టిక్కుటిక్కుమంటాయి, వాటికి అది మామూలే. వేడెక్కినా ఆగకపోతే ధర తగ్గించమంటాను. అడుగు నుంచి బరువుగా కొట్టుకునే చప్పుడు వస్తే మాత్రం బేరం లేకుండా తిరిగి వచ్చేస్తాను. పుల్లీ వంకరగా తిరుగుతోందా, రేడియేటర్ నీళ్లలో నూనె తెట్టు ఉందా అన్నవి కూడా చూడాలి.

ఈ లోగా నువ్వు ఒక పని చేసిపెట్టు. మాజ్దా సంప్ నా చట్రానికి కొంచెం కిందికి దిగుతుంది, కోసి పొట్టి చేయక తప్పదు. ఎలాగూ విప్పుతాను కాబట్టి లోపల అడ్డుగోడలు కూడా వేయించేస్తాను. మీ పిల్లలు కేటీఎమ్ సంప్‌లో వేసిన పలకల ఫొటోలు, నూనె తిరిగి రావడానికి వదిలిన సందుల కొలతలు శుక్రవారం లోపల పంపించు. అమ్మకు నా నమస్కారాలు చెప్పు.

నీ రూమ్మేటు